గుడ్డి ఫోను, చెవిటి బావ

మా బావ నర్సింగం చేతికి చిక్కిన ఏ వస్తువూ తన పని తాను చేసుకుంటూ ప్రశాంతంగా బతకలేదు. ఇస్త్రీపెట్టెను రెండు ఇటుకల మధ్య తలకిందులుగా పెట్టి దానిమీద రొట్టెలు కాల్చాడు. కింద కార్ఖానాలో తిరిగే ఇరుసుకు పాత బెల్టు తగిలించి, ఆ బెల్టును కిటికీలోంచి పైకి లాగి, మా అక్క రుబ్బురోలు తిప్పించాడు. పిండి మెత్తగానే నలిగింది. కాకపోతే అందులో సగం కప్పుకు అంటింది, పావు వంతు మా అక్క ముఖాన పడింది. మిగిలిన దానితో మూడు దోసెలు పోయించుకుని తిని, "చూసిండ్రా, చెయ్యి పెట్టకుండ అయింది" అన్నాడు.

నా టీవీ సంగతి తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. బొమ్మ సరిగా రావడం లేదంటే ఏంటెనా తీగ తెచ్చి నా ఇనుప మంచానికి కట్టాడు. బొమ్మ అద్దంలా వచ్చింది, నేను ఎడమవైపు తిరిగి పడుకున్నంతసేపు. క్రికెట్ మ్యాచు ఉన్న రోజు గల్లీ అంతా మా ఇంట్లో చేరి, నన్ను ఎడమవైపు తిప్పి పడుకోబెట్టి, కదిలితే తిట్టేవారు. టీవీ గోడ పక్కన కుడివైపు ఉండేది కాబట్టి నాకు మాత్రం మ్యాచు కనిపించేది కాదు.

నేను ఆయన బామ్మర్దిని, పేరు గాలయ్య. కనకవ్వ మా అక్క. మెట్‌పల్లి వైపు నుంచి భివండికి ముందు బావ వచ్చాడు, తర్వాత అక్క వచ్చింది, వాళ్ల వెనక నేను వచ్చాను. బావ గైబీ నగర్‌లో ఒక సాంచాల కార్ఖానాలో జాబర్. సాంచాలంటే కరెంటు మగ్గాలు. జాబర్ అంటే అవి మొరాయించినప్పుడు చెవి మెలిపెట్టి దారికి తెచ్చేవాడు. కింద నలభై ఎనిమిది సాంచాలు, వాటి నెత్తిన బావ ఖోలీ, అంటే ఒంటి గది, దాని గోడకు ఆనుకుని నా ఖోలీ. ఆ చప్పుడులో ముప్పై ఏళ్లు నిలబడేసరికి బావ చెవులు రెండూ పోయాయి. ఎదురుగా నిలబడి అరిస్తే కొంత వినిపిస్తుంది, లేదంటే చేతి సైగలే. సాంచాల మీద పనిచేసేవాళ్లకు అన్నింటికీ సైగలున్నాయి. చాయ్ తాగుదామనడానికి ఒకటి, పోగు తెగిందనడానికి ఒకటి, సేఠ్ వస్తున్నాడనడానికి ఒకటి. అక్కాబావలు పోట్లాడుకుంటుంటే చూసేవాళ్లకు కోలాటం ఆడుతున్నట్టుండేది.

ఆ పోట్లాటలు ఎక్కడ మొదలైనా ఒక్కచోటికే వచ్చి ఆగేవి. మా మేనల్లుడు రమేశ్ ఊళ్లో పుట్టినప్పుడు బావ ఇక్కడున్నాడు. ఉత్తరం చేరడానికి నెల పట్టింది, సేఠ్ సెలవివ్వడానికి ఇంకో నెల పట్టింది. అరవై రోజుల పిల్లవాడు తండ్రిని చూసి జడుసుకుని ఏడ్చాడట. అది మొదలు, కూరలో ఉప్పెక్కువైందని బావ అన్నా, గొడుగు ఎక్కడో మరిచి వచ్చినా, అక్క ఏమీ అనేది కాదు. ఆరు వేళ్లు చూపి, ఆ పక్కనే గాలిలో సున్నా చుట్టేది. అంటే అరవై. అంతటితో బావ నోరు మూతపడేది.

మేమంతా నవ్వేవాళ్లం గానీ ఆ సైగ చూసినప్పుడల్లా ఆయన ముఖం చిన్నబోయేది. అందుకే కోడలు మాలతి నెల తప్పిందని తెలిసిన రోజే అందరి ముందూ ఒట్టు పెట్టాడు. "మనుమడో మనుమరాలో, ఈసారి పుట్టేటప్పుడు నేను ఆడ ఉంట. తలుపు కాడనే ఉంట. లేకుంటె నన్ను జాబర్ అనకుండ్రి."

అది రెండు వేల మూడో సంవత్సరం. ఏడో నెలలో మాలతిని పురుటికి పుట్టింటికి పంపాం. అది మెట్‌పల్లి దగ్గరి పల్లె. వియ్యంకుడు దత్తాత్రి ఇంట్లో ఫోనుంది. ఇక్కడ మాకు లేదు. రమేశ్ పని కాశేలి గోడౌన్‌లో, అక్కడి ఫోను సేఠ్ బల్ల మీద ఉంటుంది, దాన్ని ముట్టుకుంటే నౌకరీ ఉండదు. కాబట్టి బావ ఎక్కడినుంచో పాత మొబైల్ ఒకటి తెచ్చాడు. దాని అద్దం నల్లగా మాడిపోయి ఉంది. ఎవరు చేశారో, ఎన్నిసార్లు చేశారో ఏమీ కనిపించదు. మోగుతుంది, వణుకుతుంది, అంతే. గుడ్డి ఫోనుకు చెవిటి బావ దొరికాడు, ఈడూ జోడూ బాగానే కుదిరింది.

ఊరికీ మాకూ ఒక ఒప్పందం. ఫోను ఎత్తకూడదు, మిస్డ్ కాల్ అయితే ఎవరికీ పైసా పోదు. ఎత్తినా మా ఖోలీలో ఎవరికి వినపడి చస్తుంది గనక? ఒక పూటలో ఒక్క కాల్ వస్తే అంతా క్షేమం. రెండు వస్తే నొప్పులు మొదలయ్యాయి, బయలుదేరండి. మూడు వస్తే పుట్టేసింది, తీరిగ్గా రండి. ఆ మూడో మాట అనుకుంటేనే బావకు చెమటలు పట్టేవి.

చిక్కల్లా ఆ కాల్ వచ్చిందని తెలుసుకోవడమెలాగన్నదే. మోత వినిపించదు. పోనీ జేబులో పెట్టుకుంటే, వణికినా బావకు తెలియదు. పొద్దంతా సాంచా మీద చెయ్యి వేసి నిలబడే మనిషికి ఒళ్లు వణకడం ఒక వార్తా? వారం రోజులు గడ్డం గోక్కుని, ఆఖరికి నన్ను పిలిచాడు.

"సాంచల పేక పోగు తెగితె ఏమైతది బామ్మర్దీ?"

"ముల్లు పడ్తది. సాంచ ఆగుతది."

"దానంతట అదే ఆగుతది గద! ఇనుముకున్న బుద్ధి ఫోనుకెందుకుండదు?"

గోడకు ఒక రేకు కాలువను వాలుగా కొట్టాడు. అందులో పన్నెండు ఖాళీ కండెలు వరసగా పేర్చాడు. నూలు చుట్టి నాడెలో పెట్టే కొయ్య కదుర్లు, అవే కండెలు. కాలువ మూతి దగ్గర సైకిల్ పుల్లతో ఒక కొక్కెం, ఆ కొక్కేనికి ఆనుకుని స్టీలు మూత, మూత మీద ఫోను. ఫోను వణికితే మూత వణుకుతుంది, కొక్కెం జారుతుంది, ఒకే ఒక్క కండె దొర్లి కిందున్న ఇత్తడి తాంబాళంలో పడుతుంది. తాంబాళంలో ఎన్ని కండెలుంటే అన్ని కాల్స్ వచ్చినట్టు. తాంబాళం మా అక్క పెళ్లినాటిది, ఆమెను అడగకుండానే తీసుకున్నాడు. చెప్పొద్దూ, ఆ యంత్రం చూడముచ్చటగా ఉంది.

పరీక్ష శుక్రవారం పెట్టాడు. రాత్రీ పగలూ ఆడే సాంచాలకు భివండిలో శుక్రవారం ఒక్కటే సెలవు, బావకు తీరిక దొరికేదీ ఆ రోజే. నేను ఎస్‌టీడీ బూతుకు పోయి ఒక కాల్ చేసి వచ్చాను. ఒక కండె పడి ఉంది. మళ్లీ పోయి రెండు చేసి వచ్చాను. రెండు పడి ఉన్నాయి. ఎండలో నన్ను నాలుగుసార్లు తిప్పాడు గానీ ఒక్కసారి కూడా లెక్క తప్పలేదు. గల్లీ గల్లీ వచ్చి చూసింది. ఎదురు ఖోలీ యమునాబాయి ఆ తాంబాళానికి దండం పెట్టుకుని పోయింది. మా అక్క కూడా ఆ రోజంతా ఆరు వేళ్లు చూపించలేదు.

శనివారం పొద్దున ఏడింటికి కింద సాంచాలు మళ్లీ మొదలయ్యాయి. బావ పనిలోకి దిగాడు. పదింటికి ఒక కండె పడింది. "క్షేమమేనట" అని అక్క మురిసిపోయింది. పన్నెండున్నరకు రెండో కండె పడింది. అక్క మెట్ల మీది నుంచే కిందికి సైగ చేసింది. రెండు వేళ్లు చూపి, కడుపు మీద చెయ్యి వేసుకుంది. బావ చేతిలోని పానా ఎక్కడ పడేశాడో ఆయనకే తెలియదు. దాన్ని తర్వాత సేఠ్ ఒక తానులో చుట్టుకుపోయి ఉండగా కనుగొన్నాడు.

మా వైపు పోయే బస్సు రోజుకు ఒక్కటే, మూడింటికి వరాలా తలావ్ దగ్గర ఎక్కాలి. నేను కాస్త బుద్ధి ఉన్నవాణ్ని కనుక, "ఒక్కసారి ఫోన్ చేసి అడుగుదాం బావా" అన్నాను. బూతుకు పోయి చేస్తే ఎంగేజ్ వచ్చింది. నాలుగుసార్లు చేసినా ఎంగేజే.

"ఇంకేంది మరి! అందరికి చెప్పుకుంటున్నరు, అందుకె ఎంగేజ్ ఉన్నది" అన్నాడు బావ. నాకూ నిజమే అనిపించింది. రమేశ్‌కు కబురు చెప్పమని, గుడ్డి ఫోనును కదిలించొద్దని యమునాబాయికి అప్పజెప్పి, తాళం చేతికిచ్చి, ముగ్గురం బస్సెక్కాం. అక్క ఆ రెండు కండెలనూ కొంగున ముడేసుకుంది. ఎందుకే అంటే, మనుమడికో మనుమరాలికో పెద్దయ్యాక చూపించడానికట.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి వియ్యంకుడి వాకిట్లో దిగేసరికి మాలతి అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుని మక్కకంకి తింటోంది.

మమ్మల్ని చూసి కంకి చేతిలోంచి జారిపోయింది. "అత్తమ్మా! మామా! ఏమైంది? ఎవలు పోయిండ్రు?" అని బావురుమంది. ఆ ఏడుపుకు దత్తాత్రి పళ్లు తోముకుంటూ పరుగెత్తుకొచ్చి, మా ముగ్గుర్నీ, మా మూడు సంచుల్నీ చూసి, ఆయనా కళ్లు తుడుచుకున్నాడు. లోపలినుంచి దత్తాత్రి తల్లి బుచ్చమ్మ, ఎవరు పోయారో తెలియకుండానే, రాగం ఎత్తుకుంది. బావకు ఏమీ వినిపించడం లేదు. అందరూ సంతోషంతో ఏడుస్తున్నారనుకుని చేతులు జోడించి నవ్వుతూ నిలబడ్డాడు.

అసలు సంగతి తేలడానికి అరగంట పట్టింది. నొప్పులు లేవు, ఏమీ లేవు. డాక్టరమ్మ ఇంకా పది పన్నెండు రోజులు పడుతుందని చెప్పింది. శనివారం వాళ్లు అసలు ఫోనే చేయలేదు. ఎంగేజ్ ఎందుకొచ్చిందంటే, తాను కునుకు తీసేటప్పుడు ఫోను మోగితే గుండె దడ అని బుచ్చమ్మ రోజూ రిసీవర్ తీసి పక్కన పెట్టి తువ్వాల కప్పుతుందట.

"మరి ఏం పని మీద వచ్చినట్టు వియ్యంకుడా?" అని దత్తాత్రి బావ ఎదురుగా నిలబడి, మర్యాదగానే అరిచి అడిగాడు.

బావ నాలుగు దిక్కులూ చూసి, మూలనున్న టేబుల్ ఫ్యానును చూపించాడు. "అది సప్పుడు చేస్తున్నదని పెండ్లప్పుడు అంటిరి గద. బాగు చేద్దామని వచ్చిన."

రాష్ట్రం దాటి ముగ్గురు మనుషులు ఒక టేబుల్ ఫ్యాను కోసం వచ్చారని ఆ ఊరంతా రెండేళ్లు చెప్పుకుంది.

ఆ సాయంత్రం అక్క బావను పక్కకు లాగి, ఇజ్జత్ పోయింది, తిరిగి పోదాం అని సైగ చేసింది. బావ అడ్డంగా తల ఊపాడు. "తిరిగి పోయినంక నొప్పులొస్తె? మళ్ల ఆరు వేళ్లు చూపిస్తవు. నేను ఈడికెల్లి కదల." ఇజ్జత్ ఒకవైపు, అరవై రోజులు ఒకవైపు. ఆయన అరవై రోజులకే భయపడ్డాడు. అక్క సర్దిన సంచిని మళ్లీ విప్పింది.

సోమవారం రమేశ్ దిగాడు, చేతిలో రెండు కిలోల పేడాలతో. శనివారం సాయంత్రం వాడు కాశేలి నుంచి ఇంటికి వెళ్లేసరికి యమునాబాయి గల్లీ మొదట్లోనే ఎదురొచ్చి, "రమేశ్, ముబారక్ హో! తీన్ కే బాద్ భీ రుకా నహీ!" అందట. మూడుతో ఆగలేదన్న మాట. మేం వెళ్లిన గంటకు మూడోది పడింది. పుట్టింది అని ఆమె గల్లీలో చక్కెర పంచింది. నాలుగోది పడితే కవలలనుకుంది. ఏడోది పడ్డాక ఎవరికీ ఏమీ చెప్పకుండా, రమేశ్ వచ్చే వేళ దాకా తలుపు వేసుకుని దేవుడి ముందు కూర్చుంది. చీకటి పడే వేళకు అన్నీ ఖాళీ. రమేశ్ పాపం ఎందరు పిల్లలకు తండ్రో తెలియక దారంతా వేళ్లు లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. పెళ్లాం ఒక్కతే, అదీ ఇంకా కడుపుతోనే కనిపించాక, మర్నాడే గోడౌన్‌కు తిరిగి వెళ్లిపోయాడు. పేడాలు మాత్రం మేం తిన్నాం.

"శుక్రారం ఒక్కటి తప్పలె. శనారం అన్ని ఎట్ల పడ్డయ్?" అని బావ తిండి మీద కూడా అదే ఆలోచించాడు. ఆ తిండి కూడా రోజురోజుకూ మారింది. మొదటి రోజు నాటుకోడి. మూడో రోజు గుడ్డు పులుసు. ఆరో రోజుకు పచ్చిపులుసు. వియ్యంకుడిని తప్పుపట్టను, ఫ్యాను బాగు చేయడానికి వచ్చినవాణ్ని ఎన్నాళ్లని మేపుతారు? పచ్చిపులుసు కనిపించిన రోజు నుంచి బావ కష్టపడి పని చేశాడు. అయిపోయిన బ్యాటరీలను ఎండకు పెట్టి రేడియో పలికించాడు. బుచ్చమ్మ మంచానికి సైకిల్ గంట బిగించి, నీళ్లు కావాలంటే కొట్టమన్నాడు. బుచ్చమ్మ తెల్లవారి నుంచి పొద్దుగూకేదాకా కొట్టింది. మూడో రోజున దత్తాత్రి ఆ గంటను తీసి బావిలో వేశాడని నా అనుమానం.

మేం దిగిన పదకొండు రోజులకు నొప్పులొచ్చాయి. మెట్‌పల్లి ఆసుపత్రిలో అక్క లోపలికి వెళ్లింది, నేనూ బావా బయట బెంచీ మీద. బెంచీ మీద నేనొక్కణ్నే, బావ తలుపుకే అతుక్కున్నాడు. పనికిరాని ఆ చెవిని తలుపుకు ఆనించి, గంటన్నర అలాగే నిలబడ్డాడు. కాళ్లు నొప్పి పుడతాయి కూర్చో అంటే వినిపించుకోలేదు. తర్వాత లోపలినుంచి ఏడుపు వచ్చింది. సన్నగా, గట్టిగా, కోపంగా వచ్చింది. నాకు వినిపించింది. బావకు వినిపించలేదు. ఆయన ఇంకా చెవి ఆనించుకునే ఉన్నాడు. చెబుదామని లేచేలోపే తలుపు తెరుచుకుని అక్క బయటికొచ్చింది. ముక్కుపుడక మీద వేలు పెట్టి చూపించింది. ఆడపిల్ల.

"ఏడ్చిందా?" అని అడిగాడు బావ.

అక్క రెండు చేతులూ చెవుల మీద మూసుకుని, అంత గట్టిగా ఏడ్చిందని చూపించింది. బావ గోడకు ఆనుకుని కూర్చుండిపోయి తువ్వాలలో ముఖం దాచుకున్నాడు. నేను ఏడవలేదంటే అబద్ధమే.

కథ అక్కడితో అయిపోవాలి, కానీ ఆ పిల్ల నిద్రపోతేనా! ఇంటికి తెచ్చిన రోజు నుంచి ఒకటే రాగం. పాలు తాగుతుంది, ఏడుస్తుంది. తొట్టెలలో వేసి ఊపితే ఏడుస్తుంది, ఎత్తుకుంటే ఏడుస్తుంది. డాక్టరమ్మ చూసి ఏమీ లేదంది. బుచ్చమ్మ ఉప్పుతో, మిరపకాయలతో, ఆఖరికి చీపురుతో కూడా దిష్టి తీసింది. ఇంట్లో ఎవరికీ కంటి మీద కునుకు లేదు. భివండి నుంచి వచ్చిన మా ముగ్గురికైతే మొదటినుంచీ లేదు. ఆ ఊళ్లో పడుకుంటే చెవుల్లో ఏదో ఖాళీగా ఉండేది.

ఐదో రోజు మధ్యాహ్నం బావ నేల మీద బోర్లా పడుకుని ఉన్నాడు. ఉన్నట్టుండి అరచెయ్యి నేలకు ఆనించాడు. తర్వాత చెంప ఆనించాడు. లేచి గోడను తడిమాడు. వియ్యంకుడు కంగారుపడి నా వైపు చూశాడు.

"బామ్మర్దీ, ఇల్లు వణుకుత లేదు!" అన్నాడు బావ.

"ఇల్లెందుకు వణుకుతది బావా?"

"మనది వణుకుతది గద!"

అవును, మాది వణుకుతుంది. కింద నలభై ఎనిమిది సాంచాలు ఆడుతుంటే గోడ వణుకుతుంది, గిన్నెలు వణుకుతాయి, మేమూ వణుకుతాం. ఇరవై ముప్పై ఏళ్లుగా వణికీ వణికీ ఆ మాటే మరిచిపోయాం. శుక్రవారం సాంచాలు ఆగినప్పుడు పరీక్ష చేశాడు కనుక కండె ఫోనుకే పడింది. శనివారం సాంచాలు మొదలయ్యాయి, కొక్కెం దానంతట అదే జారింది. కొత్తవాడెవడైనా మా ఖోలీలో అడుగుపెట్టగానే చెప్పేసేవాడు. మేమే చెప్పలేకపోయాం.

బావకు ఆ సిగ్గు కూడా పట్టలేదు. మనుమరాలి వైపు వేలు చూపించాడు. "ఏడు నెల్లు మాలతి కడుపుల పండుకుని ఈ పోరి సాంచల మీదనే ఉన్నది. ఇప్పుడు ఈడ తెచ్చి ఏ సప్పుడు లేనికాడ పండుకోమంటె ఎట్ల పండుకుంటది?"

వెంటనే ఆ టేబుల్ ఫ్యానును కిందికి దించి, రెక్కలు, జాలీ ఊడదీశాడు. మిగిలిన మోటారు ఇరుసుకు ఒక పక్కకు బరువు కావాలన్నాడు. అక్క కొంగు ముడి విప్పి రెండు కండెల్లో ఒకటి ఇచ్చింది. దాన్ని ఇరుసుకు అడ్డంగా బిగించి, మోటారును తీసుకెళ్లి తొట్టెల వేలాడే దూలానికి తాడుతో కట్టి, స్విచ్చి వేశాడు. ఖటక్ ఖటక్ ఖటక్. దూలం వణికింది, తాళ్లు వణికాయి, తొట్టెల వణికింది. కప్పు మీది మట్టి బుచ్చమ్మ నెత్తిన రాలింది. పిల్ల ఏడుపు సగంలో ఆపి, కళ్లు ఇంత చేసి చూసి, ఆవులించి, నిద్రపోయింది.

పిల్లతో పాటు మాలతి నిద్రపోయింది. గోడకు ఆనుకున్న అక్క నిద్రపోయింది. నాకు కూడా ఎంత హాయిగా పట్టిందో చెప్పలేను. దత్తాత్రి కుటుంబం మొత్తం చెవులు మూసుకుని వేపచెట్టు కిందికి చేరిందని తర్వాత తెలిసింది.

గంట తర్వాత కరెంటు పోయింది. ఖటక్ ఆగింది. ఆగిన మరుక్షణం బావతో సహా నలుగురం ఒక్కసారే లేచి కూర్చున్నాం. భివండిలో కూడా అంతే, సాంచాలు ఆగితేనే మాకు మెలకువ వస్తుంది. పిల్ల మూతి వంకర తిప్పి, ఏడవడానికి ఊపిరి పీల్చుకుంది.

బావ ఒక్క గంతులో తొట్టెల దగ్గరికి చేరాడు. రెండు చేతులతో అంచు పట్టుకుని గజగజ వణికిస్తూ, నోటితోనే మొదలుపెట్టాడు: "ఖటక్ ఖటక్ ఖటక్ ఖటక్." తన గొంతు తనకు వినిపించదు కనుక నిజం సాంచా అంత గట్టిగా అరిచాడు. పిల్ల ఆ ముఖాన్ని చూసింది. జడుసుకోలేదు, ఏడవలేదు. చూస్తూ చూస్తూ మళ్లీ కళ్లు మూసుకుంది.

బావ నోరు ఆపకుండానే అక్క వైపు తిరిగి, ఇప్పటికైనా చాలా అన్నట్టు కనుబొమ్మలెగరేశాడు.

అక్క తొట్టెలనూ ఆయన్నూ చూసింది. తర్వాత చెయ్యెత్తింది. మళ్లీ ఆరు వేళ్లేనేమో అనుకున్నాను. కానీ ఈసారి ముందు నాలుగు వేళ్లు చూపింది, ఆ తర్వాత తొమ్మిది. అరవై రోజులు ఆలస్యంగా వచ్చిన మనిషి పదకొండు రోజులు ముందొచ్చాడు కనుక ఇంకా నలభై తొమ్మిది. ఆ వేళ్లతోనే తొట్టెలను చూపించి, ఆపకు అని సైగ చేసి, కొంగుతో ఆయన ముఖాన చెమట తుడిచింది.

కరెంటు వచ్చాక కూడా బావ స్విచ్చి వేయనివ్వలేదు.